నిషేధమా, పన్నా, కేసా, చికిత్సా? పొగాకుకీ మత్తుకీ ఏది ఎక్కడ పనికొస్తుంది

మా బడి గేటు దాటి ఎనభై అడుగులు వేస్తే పాన్ డబ్బా వస్తుంది. ముందు వరసలో చాక్లెట్ సీసాలు, వాటి పైన తోరణాల్లా వేలాడే పాన్ మసాలా ప్యాకెట్లు, పక్కన పురికొసకి కట్టిన లైటర్. పాన్ మసాలా అడిగితే దానికి జోడీగా ఇంకో చిన్న పొగాకు ప్యాకెట్ కూడా చేతికొస్తుంది. రెండూ కలిపి నోట్లో వేసుకుంటే గుట్కానే. గుట్కా నిషేధం వచ్చాక కంపెనీలు వెతుక్కున్న దారి ఇది. బడికి వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 నాటి చట్టం చెబుతోంది. డబ్బా మాత్రం ఎక్కడికీ పోలేదు.

పోయినేడు తొమ్మిదో తరగతి పిల్లవాడి సంచిలో ఖైనీ దొరికింది. తల్లిదండ్రుల సమావేశంలో ఆ మాట ఎత్తగానే తలా ఒకటి చెప్పారు. డబ్బా మూయించాలని ఒకరు, పోలీసులకి పట్టించాలని ఒకరు, ధర మూడింతలు చేస్తే ఎవడూ కొనడని ఇంకొకరు. ఆ పిల్లవాడి తల్లి బీడీలు చేసే మనిషి. చివర్లో లేచి ఒకే మాట అడిగింది: "డబ్బా మూపిస్తరు, మంచిదే సార్. రేపు పొద్దుగాల వాడు తలకాయ పట్టుకొని కూసుంటే నేనేం జెయ్యాలె?"

పొగాకు, గంజాయి, మత్తు మాత్రల మీద ఏ దేశం ఏ విధానం పెట్టినా, ఏ నాయకుడు ఏ హామీ ఇచ్చినా, నేను ఇప్పుడు ఆ తల్లి అడిగిన ప్రశ్నతోనే తూచి చూస్తున్నాను. అమలైన మర్నాడు పొద్దున ఏమవుతుంది? తాగేవాడికేమవుతుంది, దాన్ని పండించి, చుట్టి, అమ్మి బతికేవాళ్లకేమవుతుంది? ఈ ప్రశ్నకి జవాబు ఉన్న విధానాలు నిలబడ్డాయి. లేనివి చివరికి నిలవలేదు.

పూర్తి నిషేధం

పొగాకు మీద అందరికంటే గట్టి నిషేధం పెట్టింది భూటాన్. 2004లో అమ్మకాలు ఆపేసింది, 2010లో ఇంకా కఠినమైన చట్టం తెచ్చింది. మరుసటి ఏడాది ఒక యువ భిక్షువు దగ్గర 72 నమిలే పొగాకు పొట్లాలు దొరికాయి. వాటి ఖరీదు ఒక పూట భోజనమంత ఉంటుందేమో, అతనికి పడిన శిక్ష మూడేళ్లు. దేశమంతా గొడవైంది, 2012లో చట్టాన్ని సడలించారు. ఇంత చేసినా పొగాకు ఆగలేదు, మన దేశపు సరిహద్దు దాటి దొంగచాటుగా వెళ్తూనే ఉంది. కోవిడ్ రోజుల్లో ఆ రాకపోకలతో పాటు వైరస్ కూడా వస్తుందన్న భయంతో 2021లో అమ్మకాల నిషేధమే ఎత్తేశారు.

మన గుట్కా నిషేధం కథ వేరు. అది పొగాకు చట్టం కింద వచ్చింది కాదు. ఆహార పదార్థాల్లో పొగాకు, నికోటిన్ కలపకూడదని 2011లో వచ్చిన ఆహార భద్రత నిబంధన దానికి ఆధారం. ఆ చట్టం కింద ఒక్కో ఉత్తర్వు ఏడాదికి మించి నిలవదు, అందుకే రాష్ట్రాలు ఏటా కొత్తది ఇస్తుంటాయి. పొగాకూ మసాలా వేరు వేరు ప్యాకెట్లలో పెట్టిన రోజున ఆ నిషేధంలో సగం బలం పోయింది.

అలాగని నిషేధం ఎక్కడా పనికిరాదని నేను అనను. 2019లో ఈ-సిగరెట్లని కేంద్రం నిషేధించినప్పుడు మన ఊళ్లలో వాటి పేరు కూడా చాలామందికి తెలియదు. అలవాటు వేళ్లూనుకోక ముందే ఆపితే, మానలేక గిలగిల్లాడేవాళ్లు తక్కువ, దాని మీద బతికే కుటుంబాలూ తక్కువ. దొంగచాటుగా ఇప్పటికీ దొరుకుతున్నాయి, నిజమే. కానీ పాన్ డబ్బాలో తోరణాలు కట్టి అమ్మే పరిస్థితి లేదు. ఇంకా పాకని దాన్ని నిషేధించొచ్చు. పాకిపోయిన దానికి నిషేధం ఒక్కటే పెడితే భూటాన్‌లో జరిగిందే జరుగుతుంది.

ఈ రెంటి నడుమ ఇంకో దారి ఉంది. ఫలానా ఏడాది తర్వాత పుట్టినవాళ్లకి జీవితాంతం పొగాకు అమ్మకూడదనడం. న్యూజిలాండ్ 2022లో ఆ చట్టం చేసింది, ప్రభుత్వం మారాక 2024లో రద్దు చేసింది. మాల్దీవులు 2025 నవంబరు నుంచి అమలు మొదలుపెట్టింది. ఇప్పటికే తాగుతున్నవాళ్లని ఒక్కసారిగా రోడ్డున పడేయదు కాబట్టి ఈ ఆలోచన నాకు నచ్చింది. కానీ పద్దెనిమిదేళ్ల వయసు నిబంధననే పట్టించుకోని మన డబ్బాల దగ్గర పుట్టిన సంవత్సరం ఎవరు అడుగుతారు?

2015లో మా జిల్లా చూసింది

మందు కల్లు అంటే నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. చెట్టు కల్లు చాలక నీళ్లలో డైజోపాం, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలిపి కల్లు కాంపౌండ్లలో పోసేది. పొద్దంతా బీడీలు చేసిన ఆడవాళ్లు, బరువులు మోసిన మగవాళ్లు, ముసలివాళ్లు సాయంత్రం రెండు సీసాలు తాగి పడుకునేవాళ్లు. వాళ్ల దృష్టిలో అది కల్లు, మత్తుమందు కాదు.

2015 సెప్టెంబరులో దాడులు చేసి సరఫరా కట్టేశారు. చేసిన పని తప్పు కాదు. కానీ రెండు మూడు రోజుల్లోనే మనుషులు వింతగా మాట్లాడటం, గోడలు గీకడం, మూర్ఛలొచ్చి పడిపోవడం మొదలైంది. ఇంట్లో మంచానికి కట్టేసిన వాళ్లని నేను కళ్లారా చూశాను. మెడలు ఒక పక్కకి లాక్కుపోయి, నోట మాట రాక, చేతులు గాల్లో బీడీలు చుడుతున్నట్టు ఆడుతుండేవి. జిల్లా ఆస్పత్రుల్లో మంచాలు చాలలేదు, ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకి బండ్లు కట్టుకుని పోయారు. కొందరు చనిపోయారు.

ఆ మందుల స్వభావమే అంత. ఆల్ప్రాజోలం, డైజోపాం ఏళ్ల తరబడి ఒంట్లోకి పోయాక ఒక్క రోజులో ఆపకూడదు. డాక్టరు దగ్గర ఉండి వారాల తరబడి మోతాదు తగ్గిస్తూ రావాలి. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయి, ప్రాణమూ పోవచ్చు. గంజాయి, ఖైనీ మానేస్తే చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి ఉంటాయి, కానీ వాటి వల్ల ప్రాణాపాయం ఉండదు. మద్యం, మత్తు మాత్రల విషయం అలా కాదు. దాడి చేసే శాఖకి ఈ తేడా ముందే తెలిసి, దాడికి వారం ముందే ఆస్పత్రుల్లో మందులు, మంచాలు సిద్ధం చేసి ఉంటే ఎన్ని ప్రాణాలు నిలిచేవో. 2020 లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలు మూసినప్పుడు ఎర్రగడ్డలో మళ్లీ అదే వరస చూశాం.

అందుకే ఎవరైనా "ఫలానా మత్తుని రాష్ట్రంలో లేకుండా చేస్తాం" అంటే నేను మొదట అడిగేది ఎన్ని చెక్‌పోస్టులు పెడతారని కాదు. జిల్లా ఆస్పత్రిలో ఎన్ని మంచాలు పెడతారని.

పన్ను: అన్నిటికంటే పాతది, అన్నిటికంటే బాగా పనిచేసేది

పొగాకు విషయంలో నా ఓటు పన్నుకే. ధర పది శాతం పెరిగితే మనలాంటి దేశాల్లో వాడకం సుమారు ఐదు శాతం తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ముఖ్యంగా తగ్గేది పిల్లల దగ్గర, జేబులో డబ్బు తక్కువున్నవాళ్ల దగ్గర. పన్నుకి పోలీసు అక్కర్లేదు, ఎవరినీ జైల్లో పెట్టక్కర్లేదు, ఒక్క రాత్రిలో ఎవరికీ సరఫరా తెగిపోదు.

చిక్కంతా పన్ను దేని మీద వేస్తున్నారన్న దగ్గరే ఉంది. 2016-17 జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. సిగరెట్ తాగేవాళ్లు 4 శాతం. బీడీ తాగేవాళ్లు 7.7 శాతం, అంటే దాదాపు రెండింతలు. నమిలే పొగాకు వాడేవాళ్లు 21.4 శాతం. మరి పన్ను? 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి సిగరెట్లని 40 శాతం పన్ను వర్గంలోకి తేవాలని నిర్ణయించింది, అదే సమావేశంలో బీడీల మీద 28 నుంచి 18కి తగ్గించింది. సిగరెట్ పొగకి దెబ్బతినే ఊపిరితిత్తులు బీడీ పొగకి దెబ్బతినకుండా ఉండవు. సిగరెట్ ధర పెరిగితే కూలి మనిషి మానేయడు, బీడీకి మారతాడు. పన్నుతో జనం పొగాకు మానాలంటే అన్ని రకాల మీదా కలిపి పెంచాలి. ఒకదాని మీద పెంచి ఇంకోదాని మీద దించితే జనం అటు నుంచి ఇటు జరుగుతారు, అంతే.

బీడీకి ఎందుకు తగ్గిస్తారో నాకు తెలుసు. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఏ వాడకి వెళ్లినా గడప దగ్గర ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు కనిపిస్తారు. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టి, వెయ్యి అయ్యేసరికి పొద్దు గూకుతుంది. వేళ్ల చివర్లు నల్లబడి ఉంటాయి, ఆ దుమ్ము పీల్చి దగ్గు. తెలంగాణ ప్రభుత్వం వీళ్లకి పింఛను ఇస్తోంది, అది మంచి పని. కానీ పింఛను ఇంకో పని చూపించదు. బీడీ మీద పన్ను పెంచి, అలా వచ్చిన డబ్బుని వీళ్లకే కుట్టు పనికో, ఇంకే ఉపాధికో కేటాయిస్తే పెంచమని నేనే వీధిలోకి వచ్చి అడుగుతాను. కేటాయించకుండా పెంచితే, మా పిల్లవాడి తల్లి అడిగిన ప్రశ్నకి మళ్లీ జవాబు లేదు.

పండించే రైతు సంగతీ ఇంతే. ప్రకాశం జిల్లాలో పొగాకు ఆరబెట్టే బ్యారన్ కట్టి అప్పులు తెచ్చిన రైతుకి పొగాకు మానుకోమని చెప్పడం తేలిక. వర్జీనియా పొగాకుకి గుంటూరులో కేంద్ర పొగాకు బోర్డు ఉంది, ఎంత పండించాలో లెక్కుంది, వేలం ఉంది. శనగకో, కందికో అంత ఏర్పాటు కనిపించినప్పుడు రైతు తనంతట తనే మారతాడు. 2025లో నల్లబర్లీ పొగాకు ధర పడిపోతే ప్రభుత్వమే మార్క్‌ఫెడ్ అనే సహకార సంస్థ చేత కొనిపించాల్సి వచ్చింది. ఆ ఖర్చుని ముందే వేరే పంట వైపు పెట్టి ఉంటే బాగుండేది.

అట్టపెట్టె మీద బొమ్మల గురించి రెండు ముక్కలు. 2016 నుంచి ప్యాకెట్ మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలి. మంచిదే, చదువు రానివాళ్లకీ అర్థమవుతుంది. కానీ మన దగ్గర చాలామంది కొనేది లూజు సిగరెట్. ప్యాకెట్ డబ్బావాడి దగ్గరే ఉంటుంది, బొమ్మ చూసేదీ వాడే. కర్ణాటక 2017లో, మహారాష్ట్ర 2020లో లూజు అమ్మకం ఆపుతూ ఉత్తర్వులిచ్చాయి. పన్నుకి తోడుగా మన రెండు రాష్ట్రాలూ ముందు చేయాల్సిన పని ఇదే. పిల్లవాడికి ప్యాకెట్ మొత్తం కొనే డబ్బు ఉండదు.

గంజాయి దగ్గర లెక్క మారుతుంది

పన్ను వేయడానికి గంజాయి చట్టబద్ధమైన సరుకు కాదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం 20 కిలోలు దాటితే పదేళ్లకి తగ్గకుండా, ఇరవై ఏళ్ల దాకా శిక్ష. కిలో లోపు చిన్న పరిమాణం, దానికి ఏడాది దాకా జైలు, జరిమానా, లేదా రెండూ. ఊరూరికీ మోసుకెళ్లే ముఠాల మీద ఆ కఠినత్వం ఉండాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. ప్రశ్నంతా జేబులో చిన్న పొట్లంతో దొరికిన పందొమ్మిదేళ్ల కుర్రవాడి గురించి.

ఇక్కడ రెండు ప్రాంతాల్ని పక్కపక్కన పెట్టి చూడాలి. పోర్చుగల్ 2001లో ఏ మత్తు పదార్థమైనా సొంత వాడకానికి, పది రోజులకి సరిపడే లోపు దొరికితే నేరం కాదంది. అలాగని వదిలేయలేదు. దొరికినవాణ్ణి ఒక చిన్న బృందం ముందు కూర్చోబెడతారు. అందులో న్యాయం తెలిసినవాళ్లు, వైద్యం, సామాజిక సేవ తెలిసినవాళ్లు ఉంటారు. అలవాటు ముదిరితే చికిత్సకి పంపుతారు, చికిత్స కేంద్రాలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. సూదుల వల్ల వచ్చే హెచ్ఐవీ కేసులు బాగా తగ్గాయి. అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రం 2021లో దాదాపు అదే మాట చెప్పింది. దొరికితే వంద డాలర్ల జరిమానా, ఒక నంబరుకి ఫోన్ చేస్తే అదీ మాఫీ. ఫోన్ చేసినవాళ్లు బహు తక్కువ, చికిత్సకి కేటాయించిన డబ్బు చేరడం ఆలస్యమైంది, ఈలోగా ఫెంటానిల్ అనే ప్రమాదకరమైన మత్తుమందు ముంచెత్తింది. 2024 సెప్టెంబరులో మళ్లీ నేరంగా మార్చేశారు.

రెండు చోట్లా జైలు తీసేశారు. ఒకచోట మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడాడు, ఇంకోచోట చేతికి చీటీ ఇచ్చి పంపారు. నాకైతే తేడా అక్కడే కనిపిస్తుంది.

మన చట్టంలోనూ ఒక తలుపు ఉంది, దాన్ని తట్టేవాళ్లే తక్కువ. 64ఎ సెక్షన్ ప్రకారం, వాడినందుకో చిన్న పరిమాణం దొరికినందుకో కేసులో ఉన్న వ్యసనపరుడు తనంతట తాను ముందుకొచ్చి గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్స పూర్తి చేసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. కాలేజీ యాజమాన్యాలు, లాయర్లు, స్టేషన్‌లో ఎస్సైలు ఈ సెక్షన్ గురించి తల్లిదండ్రులకి మొదటి గంటలోనే చెప్పాలి. కొత్త చట్టం కోసం ఆగక్కర్లేదు. హెరాయిన్ బెడద ఎక్కువున్న పంజాబ్ 2018లో ఊళ్ల దగ్గరే ఓపీ క్లినిక్‌లు తెరిచి, హెరాయిన్‌కి బదులుగా వాడే బూప్రినార్ఫిన్ మాత్రలు ఇస్తోంది. రోగి అక్కడికొచ్చి మాత్ర తీసుకుని పనికి పోతాడు. మన దగ్గర గంజాయి, మత్తు మాత్రలే ఎక్కువ కాబట్టి ఆ మాత్ర పనికిరాదు. ఇంటి దగ్గరే ఓపీ అన్న పద్ధతి మాత్రం తెచ్చుకోవాలి.

ఇక పండించే వైపు. ఆంధ్ర-ఒడిశా సరిహద్దు మన్యంలో శీలావతి రకం గంజాయి తోటల్ని 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల్లో నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోలు తగలబెట్టారు. పెద్ద పనే చేశారు. అయితే గంజాయి కొన్ని నెలల్లోనే చేతికొస్తుంది, కాఫీ మొక్క కాపుకి రావడానికి మూడు నాలుగేళ్లు. ఆ మధ్య కాలంలో గిరిజన కుటుంబం ఏం తినాలి? పసుపు, రాజ్‌మా, చిరుధాన్యాలు ఏ ఏడాదికా ఏడాది కొనే భరోసా ఇస్తేనే నరికిన తోట మళ్లీ మొలవకుండా ఉంటుంది.

మీరైతే ఏది ఎంచుకోవాలి

మీరు పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో ఉన్నారనుకోండి. నిషేధం కోసం తీర్మానాలు చేయడం కంటే లైసెన్సు మీద పడండి. పొగాకు అమ్మే కొట్టుకి స్థానిక సంస్థ వేరే అనుమతి ఇవ్వాలనీ, అలాంటి కొట్టులో చాక్లెట్లు, చిప్స్, కూల్‌డ్రింకులు అమ్మకూడదనీ కేంద్ర ఆరోగ్య శాఖ 2017లోనే రాష్ట్రాలకి రాసింది. దీనివల్ల డబ్బావాడి బతుకు పోదు. చాక్లెట్లా, పొగాకా, ఒకటి ఎంచుకోవాలి.

బడి నడిపేవాళ్లైతే జరిమానాల మీద ఆశ పెట్టుకోకండి. పొగాకు చట్టం కింద మైనరుకి అమ్మితే జరిమానా రెండొందలు మించదు, డబ్బావాడు గంటలో సంపాదించుకుంటాడు. అదే పని బాల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. ఈ సంగతి కాగితం మీద రాసి డబ్బావాడి చేతిలో పెట్టండి, కేసు దాకా వెళ్లే అవసరం చాలాసార్లు రాదు. పట్టుబడ్డ పిల్లవాడికి మాత్రం టీసీ ఇవ్వకండి. బడి నుంచి పంపేస్తే వాడు రోజంతా ఉండేది ఆ డబ్బా దగ్గరే.

ఇంట్లోవాళ్లైతే, ముందు ఏం వాడుతున్నాడో తెలుసుకోండి. ఖైనీ, సిగరెట్ అయితే 1800-11-2356కి ఫోన్ చేయొచ్చు, ప్యాకెట్ల మీద అచ్చు వేసేదీ ఆ నంబరే. మత్తు పదార్థాలకి 14446. మందు కల్లు, నిద్రమాత్రలు, రోజూ మద్యం అయితే ఇంట్లో గదిలో పెట్టి తాళం వేసి మానిపించే ప్రయత్నం చేయొద్దు, ఆస్పత్రికే తీసుకెళ్లండి.

మా పిల్లవాడికి మొదటి వారం కష్టంగా గడిచింది. క్లాసులో తల బల్ల మీద పెట్టుకుని పడుకునేవాడు, ఎవరు పలకరించినా విసుక్కునేవాడు. వాళ్లమ్మ జేబులో సోంపు పొట్లం పెట్టి పంపేది, మధ్యాహ్నం భోజనం అయ్యాక నా పక్కన కూర్చోబెట్టుకునేవాణ్ణి. నెలకి ఫర్వాలేదనిపించింది, మధ్యలో ఒకసారి మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ మానాడు. ఇప్పుడు పదో తరగతి. డబ్బా గురించి నేనిచ్చిన అర్జీకి రసీదు ఇచ్చారు, నాలుగు నెలలైంది. ఈ శనివారం తల్లిదండ్రుల సమావేశం ఉంది. ఆ రసీదు, 2017 నాటి కేంద్రం లేఖ, 77వ సెక్షన్ కాగితం మూడూ జిరాక్స్ తీయించి తీసుకెళ్తున్నాను.